మూడు కాసుల నాటకం: ప్రతివాది పక్షాన

నాటకాన్ని చలనచిత్రంగా తీసినప్పుడు నాటకాభిమానులు అలగడం కొత్త సంగతి కాదు. మన దేశంలో టాకీలు పుట్టిన నాటి నుండీ ఈ అలక ఉన్నది. పద్యాలు తగ్గించారని ఒకరు, రాగాలు కత్తిరించారని మరొకరు, కథ ముగింపు మార్చారని ఇంకొకరు కినుక వహిస్తూనే వచ్చారు. అటువంటి కినుక సాధారణంగా పత్రికకు ఒక లేఖతోనో, కాఫీ హోటలులో ఒక పూట వాగ్వాదంతోనో చల్లారిపోతుంది. ఒక సంగీత నాటకం విషయంలో మాత్రం అది న్యాయస్థానం మెట్లెక్కింది. చిత్రం ఇంకా పూర్తి కాకమునుపే కవీ, సంగీతకర్తా ఇద్దరూ నిర్మాతల మీద దావా వేశారు. సంవత్సరం 1930. నగరం బెర్లిన్. కవి బెర్టోల్ట్ బ్రెఖ్ట్. సంగీతకర్త కుర్ట్ వైల్. నాటకం పేరు జర్మన్ భాషలో 'డీ డ్రైగ్రోషెన్ ఓపర్'. గ్రోషెన్ అంటే పది ఫెనిగ్‌ల చిల్లర నాణెం. కనుక మనం 'మూడు కాసుల నాటకం' అనుకుంటే ఆ పేరులోని ఎత్తిపొడుపు చక్కగానే తెలుస్తుంది. ప్రతివాది నెరో ఫిల్మ్ కంపెనీ. చిత్రానికి దర్శకుడు జి. డబ్ల్యు. పాబ్‌స్ట్.

దావా సంగతి అటుంచండి. న్యాయస్థానం వెలుపల సాహిత్యలోకం మరొక తీర్పు చెప్పింది. అదే ఇంతకాలం నిలిచింది. బ్రెఖ్ట్ ఇరవయ్యవ శతాబ్దపు మహానాటకకర్తలలో ఒకడుగా ప్రతిష్ఠ పొందాడు. ఆయన తిరస్కరించిన చిత్రం గనుక అది నాటకానికి ద్రోహం చేసిందనీ, వాడి పదును పోగొట్టి వెండితెర మీద షోకు చేసిందనీ చాలామంది చూడకుండానే నమ్మారు. చూసినవారిలో కూడా అనేకులు ఆ నమ్మకంతోనే చూశారు. ఆ ప్రతివాది పక్షాన నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

కథ మొదలైనది బెర్లిన్‌లో కాదు, లండన్‌లో. అదీ దాదాపు మూడు వందల సంవత్సరాల కిందట. దొంగలూ వేశ్యలూ నిండిన న్యూగేట్ చెరసాలను రంగంగా పెట్టుకొని ఒక గోపకావ్యం వంటిది రాస్తే ఎంత విడ్డూరంగా ఉంటుందని జొనాథన్ స్విఫ్ట్ ఒక లేఖలో సూచించాడట. ఆయన మిత్రుడు జాన్ గే ఆ మాటను మనసులో పెట్టుకొని 'బిచ్చగాళ్ల సంగీత నాటకం' రాశాడు. 1728 జనవరి 29న లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ నాటకశాలలో దానిని ప్రదర్శించారు. ఆనాడు లండన్ ప్రభువర్గం ఇటాలియన్ సంగీత నాటకాల మోజులో ఉన్నది. అర్థం కాని భాషలో రాజులూ దేవతలూ దీర్ఘాలు తీస్తుంటే దొరసానులు మూర్ఛపోయేవారు. గే ఆ రాజుల స్థానంలో దారిదోపిడీగాణ్ణి నిలబెట్టాడు. వీధులలో అందరికీ తెలిసిన పాటల వరసలు అరవై తొమ్మిది ఏరి వాటికి కొత్త మాటలు కట్టాడు. ప్రధానమంత్రి వాల్‌పోల్‌కూ దొంగల నాయకుడికీ పెద్ద భేదం లేదని ప్రేక్షకులు ఇట్టే గ్రహించారు. మొదటి సంవత్సరమే అరవై రెండు ప్రదర్శనలు జరిగాయి. నాటకశాల యజమాని పేరు రిచ్. ఈ నాటకం రిచ్‌కు ఉల్లాసాన్నీ, గేకు ఐశ్వర్యాన్నీ ఇచ్చిందని ఆ ఇద్దరి పేర్ల అర్థాలను తారుమారు చేసి లండన్‌వారు ఛలోక్తి విసిరారు. గే దీనికి తరువాయిగా రాసిన 'పాలీ' నాటకాన్ని ప్రభుత్వం రంగస్థలం ఎక్కనివ్వలేదు. వాల్‌పోల్‌కు మొదటి నవ్వే చాలునన్నమాట.

రెండు శతాబ్దాలు గడిచాయి. 1920లో లండన్‌లోని హామర్‌స్మిత్‌లో ఆ పాత నాటకాన్ని మరల వేస్తే 1,463 ప్రదర్శనలు జరిగాయి. ఆ సందడి జర్మనీ దాకా వినిపించింది. బ్రెఖ్ట్ సహచరురాలు ఎలిజబెత్ హౌప్ట్‌మన్ దానిని జర్మన్‌లోకి అనువదించింది. ఎర్నెస్ట్ యోసెఫ్ ఔఫ్రిఖ్ట్ అనే యువకుడు అప్పుడే ఒక నాటకశాలను అద్దెకు తీసుకొని, తెర ఎత్తడానికి తగిన నాటకం కోసం వెతుకుతున్నాడు. ఆ అవసరానికి ఈ అనువాదం దొరికింది. బ్రెఖ్ట్ దానిని తిరగరాశాడు. వైల్ పాత వరసలలో ఒక్కదానిని మాత్రం ఉంచి తక్కినదంతా కొత్తగా కట్టాడు. 1928 ఆగస్టు 31న షిఫ్‌బావర్‌డామ్ నాటకశాలలో తొలి ప్రదర్శన.

ఆ ప్రదర్శనకు ముందు జరిగిన రిహార్సలులన్నీ అవాంతరాలమయమే. పాలీ పాత్రకు ఏర్పాటైన కరోలా నేహెర్ భర్త, కవి క్లాబుండ్, దావోస్‌లో మరణశయ్య మీద ఉన్నాడు, ఆమె వెళ్లిపోయింది. జెన్నీ పాత్రధారిణి, వైల్ భార్య లోట్టె లెన్యా పేరు ముద్రించిన కార్యక్రమ పత్రంలో పడనే లేదు. వైల్ ఎన్నడూ కోపం ఎరుగని మనిషి. ఆ రోజు మాత్రం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. తెర లేచిన తరువాత కూడా కొంతసేపు ప్రేక్షకులు బిగుసుకొని కూర్చున్నారు. దొంగా, పోలీసు అధికారీ తమ పాత సిపాయి రోజులు తలచుకొని పాడే ఫిరంగి పాట దగ్గర అకస్మాత్తుగా హాలు దద్దరిల్లింది. మన హరిశ్చంద్ర నాటకాలలో కాటిసీను పద్యానికి వినిపించే 'వన్స్ మోర్' కేకలు ఆ రోజు బెర్లిన్‌లో వినిపించాయి. పాటను మరల పాడక తప్పలేదు.

నాటకకథను రెండు మాటలలో చెప్పవచ్చును. మెకీ అనే దొంగల నాయకుడు, బిచ్చగాళ్లకు వేషాలూ కుంటికర్రలూ అద్దెకిచ్చి వారి సంపాదనలో వాటా గుంజే పీచమ్ అనే వ్యాపారి కుమార్తె పాలీని పెండ్లాడతాడు. పీచమ్ పగబట్టి, నగర పోలీసు అధిపతి టైగర్ బ్రౌన్‌ను బెదిరిస్తాడు: మెకీని పట్టుకోకపోతే రాజ్యపట్టాభిషేకం రోజున వీధులలో బిచ్చగాళ్ల ఊరేగింపు నడిపిస్తానంటాడు. బ్రౌన్ మెకీకి ప్రాణమిత్రుడు. అయినా ఉద్యోగం ప్రాణం కంటే తీపి. జెన్నీ అనే వేశ్య మెకీని పట్టిస్తుంది. ఉరికంబం దాకా వెళ్లిన తరువాత, సంగీత నాటకాలలో జరిగే పద్ధతిని వెక్కిరిస్తూ, రాజదూత గుర్రం మీద వచ్చి క్షమాభిక్షా, ప్రభువు బిరుదూ, భరణమూ ప్రకటిస్తాడు.

దీనికి సంగీతం ఏడుగురు వాద్యగాళ్ల బృందం. ఒక్కొక్కరూ పలు వాద్యాలు చేతులు మార్చుకుంటూ వాయించారు. పాడినవారు గాయకులు కారు, నటులు. వైల్ కోరినదీ అదే. ఈ వైల్‌కు రేడియోతో ఉన్న అనుబంధం ఈ పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పదగినది. 1920ల నడుమ నుండి కొన్నేండ్లపాటు ఆయన బెర్లిన్‌లో వెలువడే 'డెర్ డాయిచ రుండ్‌ఫుంక్' అనే రేడియో కార్యక్రమాల పత్రికకు విమర్శలు రాసి జీవించాడు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నటువంటి పత్రికయే అది. మైక్రోఫోనుకు పెద్ద గొంతు అక్కరలేదనీ, స్పష్టమైన మాట కావాలనీ ఆయన నేర్చుకున్నది ఆ కొలువులోనే కాబోలు. మూడు కాసుల పాటలు రేడియో పెట్టె ముందు కూర్చున్నవానికి కూడా ముక్కముక్క అర్థమవుతాయి.

ఇక దావా కథ. నాటకం ఐరోపా అంతటా మోగిపోతున్నది. టాకీ అప్పుడే పుట్టింది. నిర్మాతలు హక్కులకు పరుగెత్తారు. 1930లో నెరో ఫిల్మ్‌తో ఒడంబడిక కుదిరింది. చిత్రకథ విషయంలో బ్రెఖ్ట్‌నూ, సంగీతం విషయంలో వైల్‌నూ సంప్రదించాలని అందులో షరతు. బ్రెఖ్ట్ ఒక కథాసంగ్రహం రాశాడు. అయితే అది నాటకం కాదు. నాటకం రాసిన నాటికీ, ఈ సంగ్రహం నాటికీ నడుమ రెండేండ్లు గడిచాయి. ఆ రెండేండ్లలో ఆయన మార్క్సిజం చదివాడు. కనుక ఇందులో దొంగల ముఠా ఒక పురాతనమైన బ్యాంకును చేజిక్కించుకొని పెద్దమనుషుల వేషం వేస్తుంది. కంపెనీవారు తాము కొన్నది విజయవంతమైన నాటకాన్ని గాని కొత్త సిద్ధాంత గ్రంథాన్ని కాదన్నారు. మాట పట్టింపులు పెరిగాయి. 1930 సెప్టెంబరులో చిత్రీకరణ మొదలైంది. ఆ వెంటనే దావాలు పడ్డాయి. నవంబరు 4న తీర్పు వచ్చింది: బ్రెఖ్ట్ ఓడిపోయాడు, వైల్ గెలిచాడు. సహకారం మధ్యలో విడిచిపెట్టినవాడు కవేనని న్యాయస్థానం భావించింది. సంగీతకర్త హక్కుకు మాత్రం భంగం కలిగిందని ఒప్పుకున్నది.

కడకు ఇద్దరూ రాజీపడి సొమ్ము పుచ్చుకున్నారు. బ్రెఖ్ట్ ఓటమిని కూడా వృథా పోనివ్వలేదు. ఆ వ్యాజ్యాన్ని ఒక సామాజిక ప్రయోగమని పిలిచి, పెట్టుబడి లోకంలో కళ సరుకుగా మారే తీరును విశదపరుస్తూ ఒక దీర్ఘగ్రంథమే రాశాడు. ఆ గ్రంథం చదవదగినది, నిశితమైనది. ఒక్క చిన్న సంగతి దానికి పక్కన పెట్టి చూడాలి. అంతకు ముందు సంవత్సరమే, 1929లో, నాటకంలోని కొన్ని గీతాలలో ఫ్రెంచి కవి వియోఁ జర్మన్ అనువాదం నుండి పంక్తులు చెప్పకుండా తీసుకున్నాడని విమర్శకుడు ఆల్ఫ్రెడ్ కెర్ ఆక్షేపించాడు. సాహిత్యపు ఆస్తి విషయంలో తాను మొదటి నుండీ ఉదాసీనుడనని బ్రెఖ్ట్ దానికి బదులిచ్చాడు. తన ఆస్తి దగ్గరకు వచ్చేసరికి ఆ ఉదాసీనత కనిపించలేదు. ఇందుకు ఆయనను నిందించడం నా ఉద్దేశం కాదు, మనుషులందరూ అంతే. కాని ఆయన మాట ఒక్కటే సాక్ష్యంగా పెట్టుకొని చిత్రాన్ని శిక్షించడం న్యాయం కాదు.

మరి చిత్రం ఎట్లా ఉన్నది? 1931 ఫిబ్రవరి 19న బెర్లిన్‌లోని ఆట్రియం థియేటరులో అది విడుదలైంది. ముఖ్య ఛాయాగ్రాహకుడు ఫ్రిట్స్ ఆర్నో వాగ్నర్. కళాదర్శకుడు ఆంద్రెయ్ ఆంద్రెయెవ్ స్టూడియోలోనే ఒక లండన్ కట్టాడు. అది ఏ పటంలోనూ లేని లండన్. రేవు, గోదాములు, తడిసిన మెట్లు, పొగమంచు, ఇరుకు సందులు. 1930 నాటి టాకీలు చాలావరకు కదలనివి. కెమెరా చప్పుడు మైక్రోఫోనులో పడుతుందని దానిని పెట్టెలో బంధించేవారు. నటులు మైకు చుట్టూ నిలబడి అప్పజెప్పేవారు. పాబ్‌స్ట్ కెమెరా మాత్రం ఆ వీధులలో నడుస్తుంది. గాజు కిటికీల వెనుక నుండి తొంగి చూస్తుంది, జనంలో దూరుతుంది. ఈ ఒక్క కారణానికే దీనిని చలనచిత్ర చరిత్రలో గౌరవించవలసి ఉన్నది.

మొదటి ఘట్టం చూడండి. మెకీ వేశ్యాగృహం నుండి బయటకు వస్తాడు. తలపై బౌలర్ టోపీ, చేతులకు తెల్లని తొడుగులు, లోపల కత్తి దాచిన చేతికర్ర; చూస్తే ఏ బ్యాంకు మేనేజరో అనుకుంటాము. దారిలో తల్లీ కూతురూ కనబడతారు; వెంట నడుస్తాడు. సందు మలుపున జనం గుమికూడి ఉన్నారు. నడుమ ఒక వీధిగాయకుడు బొమ్మల పలకలు చూపుతూ మెకీ నేరాల జాబితా పాడుతున్నాడు. జర్మన్ సంతలలో ఇటువంటి గాయకులు పూర్వం ఉండేవారు. తెలంగాణలో చేర్యాల పటం విప్పి, బొమ్మ బొమ్మకూ కథ చెప్పే పటం కథకులను చూసినవారికి ఆ దృశ్యం పరాయిదిగా తోచదు. ఆ గుంపులోనే మెకీ నిలబడి తన చరిత్ర తానే వింటాడు. నాటకంలో ఈ పాట తెర లేచీ లేవగానే వచ్చే ప్రస్తావన. చిత్రంలో అది కథలోనే జరుగుతున్న సంఘటన అయింది: నేరగాడు, అతని కీర్తి పాడే గాయకుడు, భయంతోనూ ఉత్సాహంతోనూ వినే జనం, ముగ్గురూ ఒకే చట్రంలో ఉన్నారు. పాట ఆపకుండానే కథ కదిలిపోయింది. ఎర్నెస్ట్ బుష్ ఆ గాయకుడు. కంచు గొంతు, ముఖంలో ఒక్క గీత కదలదు. చిత్రం మధ్యలో అతడే మరల వచ్చి, మన సూత్రధారునివలె, ప్రేక్షకులతో నేరుగా మాట్లాడతాడు. ప్రేక్షకుణ్ణి కథలో మునగనీయకుండా మేల్కొలపాలన్నది బ్రెఖ్ట్ సిద్ధాంతమే కదా. ఆ సిద్ధాంతం చిత్రంలో లేదని ఎట్లా అనగలము?

పెండ్లి ఘట్టం రేవు దగ్గరి గోదాములో జరుగుతుంది. దుకాణాలు దోచి తెచ్చిన సామగ్రితో ముఠావారు దానిని విడిదిగా మారుస్తారు. భయంతో వణికే పురోహితుడు, అతిథిగా వచ్చిన పోలీసు అధిపతి, మర్యాదలు తెలియక తడబడే దొంగలు. ఇంత హాస్యం నడుమ పాలీ లేచి ఒక పాట పాడుతుంది: మర్యాదస్థులను తిరస్కరించి మర్యాద లేనివానికి మనసిచ్చిన పిల్ల పాట. పాలీ వేషం కరోలా నేహెర్‌దే. భర్త మరణం వల్ల తొలి రాత్రి రంగస్థలం మీద వేయలేకపోయిన పాత్రను ఆమె తరువాతి ప్రదర్శనలలో వేసింది. ఇక్కడ శాశ్వతంగా వేసింది. ఆమె పాలీ అమాయకురాలిగా మొదలై, భర్త పారిపోయిన నాడు ముఠా పద్దు పుస్తకం చేతికి తీసుకొని, చివరకు బ్యాంకు నడిపే దొరసాని అవుతుంది. ఆ మార్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపలేము.

ఇక జెన్నీ పాట. ఇది చిత్రం మీద వచ్చిన ఆరోపణలలో పెద్దది. ఒక హోటలులో గిన్నెలు తోమే పనిపిల్ల, ఒకనాడు తన కోసం సముద్రపు దొంగల నావ వస్తుందనీ, తనను హీనంగా చూసినవారందరూ ఆ రోజు చస్తారనీ కలగనే పాట అది. నాటకంలో దానిని పాలీ తన పెండ్లి విందులో వినోదంగా పాడుతుంది. చిత్రంలో పాబ్‌స్ట్ దానిని జెన్నీకి ఇచ్చాడు. రచనను తారుమారు చేశాడని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నా దృష్టిలో చిత్రం చేసిన మేలులలో ఇది ముఖ్యమైనది. పెండ్లి విందులో పాడినప్పుడు అది ఒక పిల్ల చేసిన అభినయం మాత్రమే. చిత్రంలో మెకీ పెండ్లి చేసుకున్నాడని జెన్నీకి తెలుస్తుంది. ఆమె అతణ్ణి పట్టిస్తుంది. ఆ ద్రోహం జరిగే గడియలోనే ఈ పాట వస్తుంది. లెన్యా కిటికీ దగ్గర నిలబడుతుంది. చేతులు విసరదు, కన్నులు తిప్పదు, గొంతు పెంచదు. పనిపిల్ల పగ, వేశ్య పగ, ప్రేమించి మోసపోయిన స్త్రీ పగ ఒక్క పగలోకి వచ్చి చేరతాయి. తరువాత ఆమెయే చెరసాలకు వెళ్లి, కాపలావాణ్ణి మాయచేసి మెకీని తప్పిస్తుంది. ఆ పాట లేకపోతే ఈ రెండు పనులూ ఒకే స్త్రీ చేసిందంటే నమ్మడం కష్టం. తరువాతి కాలంలో లోకం ఈ పాటను జెన్నీ పాటగానే ఎరుగును, లెన్యా పాటగానే ఎరుగును. పాబ్‌స్ట్ చేసిన మార్పును చరిత్ర అంగీకరించిందన్నమాట.

ముగింపు గూర్చి మరికొంత చెప్పాలి. చిత్రం రాజకీయంగా మెత్తబడిందన్న నింద ఇక్కడే తేలిపోతుంది. నాటకంలో బిచ్చగాళ్ల ఊరేగింపు కేవలం బెదిరింపు, అది జరగదు. చిత్రంలో జరుగుతుంది. పీచమ్ తానే నడిపిన ఊరేగింపును, అవసరం తీరిందని తెలియగానే, ఆపబోతాడు. వాళ్లు ఆగరు. ఇంతకాలం అతడు అద్దెకిచ్చిన కుంటికర్రలతో, అతడు కట్టించిన గుడ్డికట్లతో వాళ్లు అతణ్ణి దాటి నడుస్తారు. పాట లేదు, కేక లేదు, నడకయే. పట్టాభిషేక రథంలో రాణి వారి ముఖాలు చూడలేక పూలగుత్తి అడ్డం పెట్టుకుంటుంది. మాటతో చెప్పి ఉంటే ఉపన్యాసమయ్యేది. ఒక పూలగుత్తితో చెప్పి పాబ్‌స్ట్ ఊరుకున్నాడు. ఆ తరువాత మెకీ, పదవి పోయిన బ్రౌన్, బిచ్చగాళ్లు చేజారిన పీచమ్ ముగ్గురూ పాలీ నడిపే బ్యాంకులో భాగస్వాములుగా చేరతారు. రాజదూత లేడు, గుర్రం లేదు, క్షమాభిక్ష లేదు; అవసరమే లేదు. బిచ్చగాళ్లు మాత్రం మరల చీకటిలోకి నడిచిపోతారు.

బ్యాంకు ఆలోచన బ్రెఖ్ట్‌దే. ఏ సంగ్రహం కోసం ఆయన దావా వేశాడో ఆ సంగ్రహం నుండే నిర్మాతలు దానిని తీసుకున్నారు. చివర చీకటిలోని జనాన్ని గూర్చి వీధిగాయకుడు పాడే చరణాలు ఆయన ఈ చిత్రం కోసమే కొత్తగా రాసినవి. తరువాత అవి నాటక ప్రదర్శనలలో కూడా చేరి, ఆ పాటలోకెల్లా ప్రసిద్ధమయ్యాయి. చిత్రకథ సిద్ధపరచినవారు లియో లానియా, బేలా బలాష్, లాడిస్లావుస్ వయ్‌దా. మొదటి ఇద్దరూ వామపక్షంవారు. బలాష్ 1919 హంగేరీ విప్లవం విఫలమైన తరువాత దేశం విడిచిన కమ్యూనిస్టు. వీరు కూడి పేదవాని కోపాన్ని తుడిచివేశారని అనడానికి చాలా ధైర్యం కావాలి.

ప్రతివాదికి దోషాలే లేవని నేను అనను. పాటలలో సగానికి పైగా పోయాయి. ఇది నిజమైన నష్టం. వైల్ గెలిచిన దావాకు అర్థం ఉన్నది. అసూయతో పాలీ, లూసీ ఒకరినొకరు దెప్పిపొడుచుకునే యుగళం లేదు. లూసీ పాత్రే లేదు. సొలోమోను పాట లేదు. ఉరికి ముందు మెకీ పాడే మొర లేదు. కొన్ని వరసలు నేపథ్యంలో వాద్యాలపై మాత్రం వినబడతాయి. తెలిసినవాడికి అది ఇంకా బాధ. నాటకంలో కథను ఆపి పాట నిలబడేది, దీపం రంగు మారేది, పలక దిగేది. చిత్రంలో చాలాచోట్ల పాట కథలో కరిగిపోయింది. మెకీ పాత్ర వేసిన రుడోల్ఫ్ ఫోర్‌స్టర్ మహానటుడే గాని, అతనిలో వేడి తక్కువ. ఇంతమంది స్త్రీలు ఇతని కోసం ఎందుకు తపించారా అని అప్పుడప్పుడు తోస్తుంది. పీచమ్‌గా ఫ్రిట్స్ రాస్ప్, అతని భార్యగా నర్తకి వలెస్కా గెర్ట్, బ్రౌన్‌గా రైన్‌హోల్డ్ ష్యున్‌ట్సెల్ కనబడినప్పుడల్లా ఆ చలి పోతుంది.

ఆ సెట్లలోనే ఫ్రెంచి నటులతో ఫ్రెంచి చిత్రం కూడా పక్కపక్కనే తీశారు. అప్పటికింకా ఒక భాష చిత్రానికి మరొక భాష మాటలు అతికే విద్య పట్టుబడలేదు. అందులో ఆల్బేర్ ప్రెజాఁ మెకీ, ఫ్లొరెల్ పాలీ; చిలిపిగా, తేలికగా సాగుతుంది. రెండూ చూస్తే దర్శకుడు ఒకడే అయినా నటుడు మారితే కథ ఎంత మారుతుందో తెలుస్తుంది.

జర్మన్ చిత్రం మూడేండ్లయినా స్వేచ్ఛగా ఆడలేదు. 1933 ఆగస్టులో నాజీ ప్రభుత్వం దానిని నిషేధించింది. అప్పటికే రైక్‌స్టాగ్ భవనం తగలబడిన మరునాడే బ్రెఖ్ట్ దేశం విడిచాడు. మార్చిలో వైల్ పారిస్ చేరాడు. వాదీ ప్రతివాదీ ఒకే రైలు పట్టాల మీద నడిచారు: నిర్మాత నెబెన్‌జాల్ కూడా ప్రవాసి అయ్యాడు. తొలి ప్రదర్శనలో టైగర్ బ్రౌన్ వేషం వేసి వీధిగాయకుని పాట పాడిన కుర్ట్ గెరోన్‌ను 1944లో ఆష్విట్స్‌లో చంపారు. కరోలా నేహెర్ రక్షణ కోరి సోవియట్ దేశం వెళ్లింది. 1936లో అక్కడ ఆమెను నిర్బంధించారు. 1942లో సోల్-ఇలెట్స్క్ చెరసాలలో టైఫస్ జ్వరంతో మరణించింది. ఆమె పాలీ అంటే ఏమిటో మనకు తెలియడానికి ఈనాడు ఈ చిత్రమే ఆధారం. పాబ్‌స్ట్ మార్గం వేరు. యుద్ధారంభంలో జర్మన్ పాలనలోని స్వదేశానికి తిరిగివచ్చి, అక్కడే చిత్రాలు తీశాడు. ఆయన కీర్తికి పట్టిన ఆ మసి ఆయన పూర్వచిత్రాల మీద కూడా పడింది; ఈ చిత్రానికి రావలసిన పేరు రాకపోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

నాటకం మాత్రం లోకమంతా తిరిగింది. మన దేశంలో అజితేశ్ బంద్యోపాధ్యాయ 1969లో దానిని బెంగాలీ రంగస్థలం ఎక్కించాడు, 1978లో పు. ల. దేశ్‌పాండే మరాఠీ రూపం 'తీన్ పైశాచా తమాషా' పుణెలో వెలువడింది. 1962లో జర్మనీలోనే మరొక చిత్రం తీశారు. 2018లో బ్రెఖ్ట్ దావానే కథావస్తువుగా చేసుకొని యోయాకిమ్ లాంగ్ ఒక చిత్రం తీశాడు. అందులో కవే నాయకుడు, కంపెనీవారే ప్రతినాయకులు. ఎనభై ఎనిమిదేండ్ల తరువాత కూడా ప్రతివాదికి వకీలు దొరకలేదు.

అమెరికాలో 1933లో ఈ నాటకం పన్నెండు ప్రదర్శనలతో ముగిసింది. 1954లో మార్క్ బ్లిట్స్‌టైన్ కొత్త అనువాదంతో న్యూయార్క్‌లోని థియేటర్ ద లిస్ అనే చిన్న నాటకశాలలో మరల వేశారు. నడుమ ఆగి, తిరిగి మొదలై, 1961 దాకా ఆడింది. అప్పుడు జెన్నీ వేషం వేసినది లెన్యాయే. భర్త వైల్ 1950లో పోయాడు. ఆమెకు యాభై దాటాయి. గొంతు రెండు మెట్లు కిందికి దిగి, గరుకెక్కింది. ఆ గరుకు గొంతు రికార్డులే లోకానికి ఎక్కువ పరిచయం. 1930 నాటి ఆమె లేత గొంతు, సన్నగా, పదునుగా, కొన్ని పాత గ్రామఫోను పలకల మీద ఉన్నది. ఆ గొంతుతో పాడేటప్పుడు ఆమె ఎట్లా నిలబడేదో, కదలకుండా ఎటు చూసేదో పలక చెప్పలేదు. అందుకు పాబ్‌స్ట్ చిత్రంలోని ఆ కిటికీ దగ్గరకే వెళ్లాలి.